పరదా తాడు

కొత్త ఫ్లాటులో మా అమ్మాయి గది కిటికీకి ఏం వేయాలన్న దాని మీద మా ఇంట్లో నెల రోజులు గొడవ జరిగింది. గొడవ అంటే మా ఆయనా, అమ్మాయీ మాట్లాడింది తక్కువే. అరుపులన్నీ నావే. ఎల్బీనగర్ నుంచి మీర్‌పేట్ వెళ్ళే దారిలో కొనుక్కున్న ఇల్లది. గృహప్రవేశం అయిపోయింది, సామాను సర్దుకున్నాం, హాలుకూ మా గదికీ పరదాలు కూడా వచ్చేశాయి. ఆ ఒక్క కిటికీ మాత్రం బోసిగా ఉండిపోయింది. దక్షిణం వైపు పెద్ద కిటికీ. దాని ముందే అమ్మాయి తన బల్ల వేసుకుంది. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే చోటు ఉంది కదా, అక్కడి నుంచి లేచిన చిన్న విమానాలు మా వైపు ఆకాశంలో చుట్లు కొడుతుంటాయి. మా పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. లెక్కలు చేస్తూ చేస్తూ తలెత్తి వాటిని చూస్తుంది, మళ్ళీ లెక్కల్లో పడుతుంది. చూడనీ, ఆ కిటికీ దానిది, దానికి ఏది నచ్చితే అదే వేద్దాం అని నా పట్టు.

ఆ పట్టుతోనే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి, పరదాల దుకాణాలు వరసగా ఉండే సందులోకి వెళ్ళాం, మా ఆయనా నేనూ. సేల్స్‌మన్ చురుకైనవాడు. కేటలాగులన్నీ బల్ల నిండా పరిచేశాడు. రాడ్డుకి రింగులతో వేలాడేవి, వెలుతురును వడకట్టే పల్చటి షీర్లు, కుచ్చిళ్ళు పోసినట్టు మడతలు పడుతూ పైకి లేచే రోమన్ బ్లైండ్లు, చాపలా చుట్టుకుపోయే రోలర్లు, ఒక చార మందంగా ఒక చార పల్చగా ఉండే జీబ్రా బ్లైండ్లు. ఒక్కొక్కటీ లాగి, వదిలి చూపించాడు. నాకు సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. హైదరాబాద్ వచ్చిన ఇన్నేళ్ళకి సొంత కిటికీకి గుడ్డ ఎంచుకుంటున్నాను మరి. అంతా బాగానే నడుస్తుండగా ఏ గదికి అని అడిగాడు. మా అమ్మాయి గదికి అన్నాను.

"పాప రూమా మేడం? ఇగ ఆలోచనే లేదు, బ్లాకౌటే. అందరు గదే తీస్కుంటరు. బయటికెళ్ళి చూస్తే లోపల లైటున్నట్టు గూడ తెల్వది."

మగపిల్లవాడి గదయితే ఏమిస్తావని అడిగాను. అతను హుషారుగా ఇంకో కేటలాగు తీశాడు. బాబులకైతే మస్తు డిజైన్లున్నాయట. కార్లున్నాయి, రాకెట్లున్నాయి. ఆకాశం రంగు గుడ్డ మీద తెల్లటి విమానాలు కూడా ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. బాబుకు బొమ్మ విమానాలు, కిటికీలోంచి నిజం విమానాలు చూసే నా కూతురికి మాత్రం నల్లగుడ్డ! నేను సర్కారు బడిలో టీచరుని. గొంతు పెంచడం నాకు ఉద్యోగంతో వచ్చిన అలవాటు. ఏం బాబూ, ఆడపిల్ల గది అంటే ఫోటోలు కడిగే చీకటి గదా, దానికి వెలుతురు అక్కర్లేదా, కళ్ళు వేసుకుని చూసేవాడికి గంతలు కట్టకుండా కిటికీకి కడతారేంటి అని మొదలుపెట్టి ఒక పీరియడ్ అంత సేపు మాట్లాడాను. పక్క సోఫాలో కూతురి కొత్త కాపురానికి పరదాలు చూస్తున్న ఆమె కేటలాగు మూసి నా వైపే తిరిగి కూర్చుంది. పాపం ఆ సేల్స్‌మన్ నీళ్ళు తెప్పించాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టి లాగుతూనే ఉన్నాడు. దుకాణంలో క్లాసులేంటని ఆయన బాధ. కానీ ఆ కోపం ఆ రోజుది కాదు. ఆ దుకాణానికి నాలుగు వీధుల అవతల, ఇరవై ఏళ్ళ కిందట పుట్టిన కోపం అది.

అప్పుడు నేను టీచరు పరీక్షకు కోచింగ్ తీసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉన్నాను. మాది పోచంపల్లి పక్క ఊరు. నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. హాస్టల్లో మూడో అంతస్తులో మా గది, నాలుగు మంచాలు, ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీ కింద ఉన్న మంచాన్ని అందరం కిటికీ బెడ్డు అనేవాళ్ళం. దానికో కట్టుబాటు ఉండేది. ఎవరు రాసిపెట్టారో తెలియదు గానీ అన్ని గదుల్లోనూ అదే నడిచేది. గదిలో అందరికన్నా పాత మనిషికే కిటికీ బెడ్డు. ఆమె ఉద్యోగం వచ్చో, పెళ్ళి కుదిరో, ఆశ చచ్చో ఖాళీ చేస్తే తర్వాతి మనిషి పరుపు చుట్టుకుని అక్కడికి మారుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి తలుపు పక్క మంచం. బాత్రూమ్‌కి పోయేవాళ్ళంతా దాన్ని మోకాలితో గుద్దుకుంటూ పోయేవాళ్ళు.

నేను ఆ తలుపు పక్క మంచంలో చేరి, గోడ పక్కకు మారి, మధ్య మంచానికి మారి, పద్నాలుగు నెలలు ఎదురు చూశాను. నవ్వుతారేమో. పగలు కూడా ట్యూబ్‌లైటు కింద చదివి చదివి సాయంత్రానికి నా నుదురు పగిలిపోయేది. కిటికీ బెడ్డు మీద ఉన్న అక్క మాత్రం పొద్దున ఎండ కాళ్ళ మీద పడుతుంటే, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ చదివేది. ఆమెకు ఉద్యోగం వచ్చిన రోజు ఆమెకన్నా నేనే ఎక్కువ సంతోషపడ్డాను. ఆ సాయంత్రమే పరుపు మార్చేశాను. నాలుగు రోజులు, లెక్కపెట్టి నాలుగే రోజులు, నేను ఆ ఎండలో కూర్చున్నాను. ఐదో రోజు కోచింగ్ నుంచి వచ్చేసరికి కిటికీ అద్దాలన్నిటికీ నల్ల ఫిల్మ్ అంటించి ఉంది. కార్ల అద్దాలకు వేస్తారే, అది. అద్దాలు తెరుచుకోకుండా బయట నుంచి స్క్రూలు కూడా బిగించారు.

పరుగున వార్డెన్ దగ్గరకు పోయాను. ఆమెది కృష్ణా జిల్లా, మాట మెత్తన, మనిషి కూడా చెడ్డది కాదు. "నన్నేం చేయమంటావమ్మా? ఎదురు బాయిస్ హాస్టల్ వాళ్ళ పేరెంట్స్ వచ్చి ఓనరుగారి దగ్గర కూర్చున్నారు. మీ కిటికీల వల్ల వాళ్ళ అబ్బాయిలకి చదువు మీద ధ్యాస ఉండట్లేదంట. పరీక్షలయ్యేదాకా ఓపిక పట్టు," అంది.

అబ్బాయిలకు ధ్యాస లేదట, అందుకని మా గదిలో చీకటి! చూసే కళ్ళు అటువైపున్నాయి, అంటించాల్సిన ఫిల్మ్ కూడా అటువైపే అంటించాలి కదా? మాకు పరీక్షలు లేవా? మా అమ్మానాన్నలు వచ్చి ఎవరి ముందు కూర్చోవాలి? గదిలో మిగతా ముగ్గురూ నన్ను నోరు మూసుకోమన్నారు. ఎక్కువ మాట్లాడితే ఇంటికి ఫోన్ చేస్తారని వాళ్ళ భయం. వాళ్ళ భయం అబద్ధం కాదు. మాలో సగం మంది ఇంట్లో ఒక్క అనుమానం పుడితే చాలు, పెట్టె సర్దుకుని వెనక్కి పోవాల్సిన వాళ్ళమే.

రెండు రోజులు చూసి మూడో రోజు పొద్దున్నే, స్నానానికి కాచుకున్న వేడినీళ్ళలో గుడ్డ ముంచి అద్దానికి అద్ది, స్టీలు చెంచా అంచుతో ఫిల్మ్ గీకడం మొదలుపెట్టాను. నోటు పుస్తకమంత మేర వచ్చేసింది. అంత మేర ఎండ నా మంచం మీద పడింది. మధ్యాహ్నానికల్లా సందులోంచి తలెత్తి చూసిన ఓనరుకు అదే కనబడింది. వార్డెన్ చేత మా నాన్నకు ఫోన్ చేయించాడు. మీ అమ్మాయి హాస్టల్ ఆస్తి పాడు చేసింది, మగపిల్లల వైపు కిటికీ తెరుచుకుంటోంది, వచ్చి క్షమాపణ రాసివ్వండి, లేకపోతే తీసుకుపొండి అని. పరీక్షకు ఇంకా ఆరు వారాలే ఉంది. ఆ హాస్టల్ పోతే ఇంకో హాస్టల్ కాదు, నాకు ఊరే.

ఆ మాటల్లో నాన్నకు ఏం వినపడి ఉంటుందో తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు. సాయంత్రం నాన్నే ఫోన్ చేశాడు. "కిటికి ఎన్ని మూరలుంటది బిడ్డా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. పొడుగెంత, అడ్డమెంత, కొలిచి చెప్పమన్నాడు. మా దగ్గర టేపు లేదు. మంచమెక్కి నా మోచేతితో కొలిచి, పొడుగు మూడు మూరలు, అడ్డం నాలుగు అని చెప్పాను. సరే, ఆదివారం వస్తానని పెట్టేశాడు.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే దిగాడు, చంకలో సంచీతో. సంచీలో పరదా ఉంది. రంగు ఒక పక్కకు దిగిందని షావుకారు వద్దన్న దుప్పటి గుడ్డ. ఎరుపు మీద తెల్ల పువ్వు. నాన్న దాన్ని కత్తిరించి, పైన తాడు దూరేందుకు అమ్మతో గొట్టంలా కుట్టించుకొచ్చాడు. మమ్మల్ని చూడగానే ఓనరు ఫిల్మ్ తీసే ప్రశ్నే లేదన్నాడు. నాన్న వాదించలేదు. వాదించడం ఆయనకు చేతకాదు. పరదా ఒళ్ళో పెట్టుకుని హాస్టల్ గేటు లోపల మెట్ల మీద కూర్చున్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. కానీ ఆదివారం అడ్మిషన్ల రోజు. కూతుళ్ళను చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులందరూ ఆ మెట్ల మీదుగానే పోవాలి. పెద్దమనిషీ, ఇక్కడ కూర్చున్నావేంటని ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెబుతూ వచ్చాడు, గొంతు పెంచకుండా, ఎవరినీ తిట్టకుండా. పన్నెండు గంటలకి ఓనరే కిందికి దిగి వచ్చాడు. అప్పుడు నాన్న నిలబడి అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మగ్గం కాడ ఎల్తురు లేకుంటె పోగు కనవడది సార్. సదువుకైనా గంతే గద. మూయాల్నంటె అదే మూస్కుంటది, తెరవాల్నంటె అదే తెరుస్తది. తాడు మాత్రం నా బిడ్డ చేతిల ఉండాలె."

ఆ ఒక్క గదికే అన్న షరతు మీద ఓనరు ఒప్పుకున్నాడు. స్క్రూలు తీశారు. ఫిల్మ్ నేనూ నాన్నా కలిసి గీకాం. పరదా పైకెత్తి చూస్తే కిటికీ కన్నా జానెడు పొడుగుంది. నా మోచెయ్యి వేరు, ఆయన మోచెయ్యి వేరు. నా మూరల్ని ఆయన తన మూరలతో కత్తిరించాడు. పోగులు లెక్కపెట్టి పువ్వు నేసే మనిషి, పుట్టి బుద్ధెరిగి ఇంత తప్పు కొలత వేయలేదని తెగ నొచ్చుకున్నాడు. ఎక్కువైంది మడిచి కుట్టుకోమన్నాడు. నేను కుట్టుకోలేదు. ఆ జానెడు గుడ్డా నా తలగడ మీద పడి ఉండేది.

తర్వాత సంచీలోంచి ఒక చెక్క పిడి తీశాడు. మగ్గం మీద నాడెను అటూ ఇటూ విసరడానికి లాగే పిడి, ఆయన అరచేతిలో అరిగి నున్నబడింది. కిటికీకి రెండు చివర్లా రెండు దారపు కండెలు మేకులతో కొట్టి, వాటి మీదుగా తాడు పోనిచ్చి, ఆ తాడు కొసకు పిడి కట్టాడు. మంచం మీద పడుకునే లాగితే పరదా తెరుచుకుంటుంది, ఇంకో కొస లాగితే మూసుకుంటుంది. ఊరికి బయలుదేరే ముందు పది సార్లు నా చేత లాగించి చూశాడు. అచ్చు గుడ్డ కాదు, నేసిన పువ్వు కాబట్టి ఆ పరదాకు రెండు వైపులా ఒకే అందం. ఎదురు హాస్టల్ వాళ్ళకు కూడా మంచివైపే కనబడుతోందని నేను చాలా రోజులు ఏడ్చుకున్నాను.

ఆ ఎండలో చదివే నేను ఉద్యోగం తెచ్చుకున్నాను. అయితే ఒక మాట దాచకూడదు. ఆ బిల్డింగులో మిగతా గదుల కిటికీలన్నీ నల్లగానే ఉండిపోయాయి. నా కిటికీ నాకు దక్కాక వాటి గురించి నేను నోరెత్తలేదు. ఖాళీ చేసిన రోజు పరదా, పిడి, కండెలు అన్నీ ఊడదీసుకుని పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. నా తర్వాత కిటికీ బెడ్డుకి మారిన పిల్లకి ఏం మిగిల్చాననేది అప్పుడు ఆలోచించలేదు.

ఇదీ నా కోపం వెనక కథ. ఆ సేల్స్‌మన్‌కి ఇదంతా తెలిసే వీల్లేదు. చివరికి అమ్మాయి గదికి జీబ్రా బ్లైండ్ తీసుకున్నాం. చారలు కలిపితే వెలుతురు వస్తుంది, తప్పిస్తే ఆగుతుంది, ఎంత కావాలంటే అంత. నాన్న పరదా వేద్దామా అని ఒకసారి అన్నాను గానీ ఈ కిటికీ దానికి రెండింతలుంది. పైగా దీనికి మోటారు. తాడు పట్టుకుని లాగే గొడవే లేదు మేడం, రిమోట్ నొక్కితే చాలు అని సేల్స్‌మన్ మళ్ళీ మళ్ళీ చెప్పాడు. బిగించిన రోజు ఫిట్టర్ రిమోట్ ఎవరికివ్వాలని అడిగితే అమ్మాయి చేతిలో పెట్టించాను. నాకు చాలా గర్వంగా ఉండింది. ఆ సాయంత్రం స్టాఫ్ రూం గ్రూపులో ఫోటో కూడా పెట్టాను.

రెండు నెలలు తిరక్కుండానే ఎదురుగా కడుతున్న బిల్డింగు పూర్తయింది. మా అంతస్తుకు సరిగ్గా ఎదురుగా ఉన్న ఫ్లాటులోకి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు ఐదారుగురు కిరాయికి దిగారు. ఒక సాయంత్రం టీ తీసుకుని అమ్మాయి గదిలోకి వెళ్ళాను. అది లెక్కలు చేసుకుంటోంది. ఎదురు బాల్కనీలో ఒకడు రెయిలింగుకు ఆనుకుని, ఫోను ఎత్తి మా కిటికీ వైపు పట్టుకుని ఉన్నాడు. విమానాన్ని తీస్తున్నాడో, నా కూతుర్ని తీస్తున్నాడో నాకు తెలియదు. రిమోట్ తీసుకుని బ్లైండ్ మొత్తం దించేశాను.

దుకాణంలో అంత మాట్లాడిన దాన్ని, రోడ్డు దాటి ఆ ఫ్లాటు తలుపు కొట్టాలి కదా? కొట్టలేదు. మా ఆయన తను వెళ్ళి అడుగుతానంటే గొడవలొద్దన్నాను. రిమోట్ నా దగ్గర పెట్టుకున్నాను. ఎందుకమ్మా అని అమ్మాయి అడిగింది. పరీక్షలయ్యేదాకా అన్నాను. ఆ మాట ఎక్కడ విన్నానో అప్పుడు నాకు తట్టలేదు. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు నేనే చారలు కొంచెం కలిపి వెళ్తాను, సాయంత్రం రాగానే దించేస్తాను. అమ్మాయి నాతో పోట్లాడలేదు. మూడు నాలుగు రోజుల తర్వాత చూస్తే బల్లను గోడ వైపు తిప్పుకుంది. ఎందుకు తిప్పావని నేను అడగలేదు.

మొన్న ఆదివారం నాన్న వచ్చాడు. మనవరాలు ఫోనులో విమానాల సంగతి చెప్పి చెప్పి ఆయనకు ఆశ పుట్టించింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, టీ కూడా తాగకుండా నేరుగా దాని గదిలోకి నడిచాడు. నేను వెనకాలే మంచినీళ్ళ గ్లాసుతో వెళ్ళాను. ఆదివారం ఆ కుర్రాళ్ళు ఇంట్లోనే ఉంటారని బ్లైండ్ పొద్దున్నుంచీ దించే ఉంచాను, మధ్యాహ్నం పూట గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పిల్ల గోడకు ఎదురుగా కూర్చుని చదువుకుంటోంది. పైన విమానం చప్పుడు వినబడుతోంది.

నాన్న కిటికీ దగ్గరకు వెళ్ళి, ఆ బ్లైండ్‌ను కాసేపు చూశాడు. కుడి పక్కన చెయ్యి పెట్టి పైనుంచి కింది దాకా తడిమాడు. తర్వాత ఎడమ పక్కన తడిమాడు. విమానం చప్పుడు దూరమైపోతోంది. రిమోట్ నా బీరువాలో ఉంది. చెక్క పిడిని చుట్టి దాచిన ఆ ఎర్ర పరదా మడతల కింద పెట్టాను, అక్కడయితే ఎవరూ వెతకరని.

"దీని తాడేది బిడ్డా?" అని అడిగాడు నాన్న.

నన్నే అడిగాడు. నేను మంచినీళ్ళ గ్లాసు ముందుకు చాపాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే మా అమ్మాయి జవాబు చెప్పింది.

"అమ్మ దగ్గరుంది, తాతా."